ఉమ్మడి పనికి పెత్తందారెవరు?

ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదను సామెత మన పల్లెలలో విననివారుండరు. నలుగురి సొత్తును ఏ యొక్కరును తన సొత్తుగా చూడరు. చూడని సొత్తు చెడును. ఇంతియే దాని యర్థము. సహకార సంఘమన్నను ఉమ్మడి సొత్తే గదా. అందలి వాటాధనము మనది, డిపాజిట్లు మనవి, గిడ్డంగి మనది, బయట అప్పు పుట్టించు పరపతియు మనదే. అట్లయినచో ఈ గొఱ్ఱెను మేపువాడెవడు, ఆ మేపువానిని కనిపెట్టి చూచువాడెవడు అను ప్రశ్న ప్రతి సభ్యుడును వేసికొనవలసియున్నది. ఈ మాసము మేము ఆ విషయమునే కొంత విపులముగా వ్రాయదలచితిమి.

నిర్వహణశాస్త్రమనగా పట్టణములలోని కర్మాగారములకును కంపెనీలకును సంబంధించిన విద్యయనియు, నాగలి పట్టువానికి దానితో పనిలేదనియు మన రైతులలో అనేకుల యభిప్రాయము. ఇది సరికాదు. ఇరువదిమంది కూలీలను పెట్టి నాట్లు వేయించు ప్రతి రైతును ఆ విద్యను కొంత యెఱిగినవాడే. ఏ మడి ముందు, ఏ మడి వెనుక, నారు పీకువారెందఱు, మోయువారెందఱు, ముఠా మేస్త్రితో చెప్పవలసినదేది, కూలీలతో నేరుగా చెప్పరానిదేది, ఇవి యన్నియు నిర్వహణమే. అయితే సొంత పొలమునకు యజమాని యొక్కడే. పొరపాటు జరిగినచో నష్టము వానిదే గనుక వాడు జాగ్రత్తపడును. సంఘమునకన్ననో యజమానులు వందలు, వేలు. వారిలో ఏ యొక్కరికిని నష్టము వెంటనే తగులదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఒక యుదాహరణము చెప్పెదము. తొలకరి వాన పడినది. సంఘపు గిడ్డంగికి యూరియా లారీ వచ్చినది. వచ్చిన బస్తాలు అడిగినవారిలో సగముమందికి మాత్రమే చాలును. అధ్యక్షుడు ఫోనుచేసి తన యూరివారికి ముందు ఇమ్మనును. పాలకవర్గ సభ్యుడొకడు స్వయముగా వచ్చి నిలబడి, చీటీల వరుస తప్పరాదనును. బ్యాంకు సూపర్వైజరు బాకీ కట్టినవారికే ఇమ్మనును. కార్యదర్శి, అనగా ఇప్పుడు సీఈఓ యని పిలువబడుచున్న యుద్యోగి, ఎవరి మాట వినవలెను? ఎవరి మాట విన్నను తక్కిన యిద్దఱికిని విరోధియగును. కావున వాడు తెలివిగలవాడైనచో మెల్లగా నొక యుపాయము నేర్చుకొనును. ఒకరి మాట యింకొకరిపైకి త్రోసి తాను తప్పించుకొనును. తనకు తోచినవారికి బస్తాలిచ్చును. కొన్నియేండ్లు గడచుసరికి సంఘమంతయు వాని గుప్పెటలో నుండును. ఏకులాగ వచ్చి మేకులాగ అయినాడని మనము వానిని తిట్టుదుము. ఆ మేకును దిగగొట్టిన సుత్తి మనదేయను మాట మాత్రము మఱచుదుము.

ఈ చిక్కును నూఱేండ్లకు పైబడిన కాలముననే యొక ఫ్రెంచి దేశస్థుడు బాగుగ గ్రహించెను. హెన్రీ ఫాయోల్ అను నతడు 1860లో కమెంట్రీ బొగ్గుగనులలో చిన్న యింజనీరుగా చేరి, 1888లో ఆ కంపెనీ దివాలా యంచున నుండగా దాని పెత్తనమును చేతబట్టి, దానిని నిలువబెట్టి, 1918వరకు నడపెను. తన యనుభవము నుండి తేలిన సూత్రములను 1916లో ప్రకటించెను. అవి మొదట వెలువడినది ఒక గనుల పరిశ్రమ సంఘపు బులెటినులోనే; బులెటినులను పొట్లములు కట్టుకొనుటకు మాత్రమే వాడువారు ఈ సంగతి గమనింతురుగాక. ఆయన చెప్పిన పదునాలుగు సూత్రములలో మనకు మిక్కిలి యవసరమైన దొక్కటి: ఒక పనివానికి ఒక పనియందు ఆజ్ఞ యిచ్చువాడొక్కడే యుండవలెను. ఇద్దఱున్నచో పని చెడును, పనివాడును చెడును.

అదే కాలమున అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అను మఱియొక యింజనీరు ఇందుకు విరుద్ధముగా, ఒక్క కూలివానిపై ఎనిమిదిమంది మేస్త్రీలను, ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్కని చొప్పున, నియమింపవచ్చునని బోధించెను. టేలరు మహాశయుడు పారలను గూర్చి చేసిన పరిశోధన మెచ్చదగినదే. ఒకే పారతో ఇనుపరాయిని, సన్నబొగ్గును ఎత్తించుట తెలివితక్కువయనియు, ఏది యెత్తినను పారకు సుమారు 21 పౌనులు, అనగా తొమ్మిదిన్నర కిలోలు, పడునట్లు వేఱువేఱు పారలుండవలెననియు ఆయన లెక్కకట్టెను. మట్టికొక పార, పెంటకొక పార వాడు మన రైతునకిది క్రొత్త గాదు. కాని ఎనిమిదిమంది మేస్త్రీల మాట ఫాయోల్ ఒప్పుకొనలేదు, మేమును ఒప్పుకొనము. మన సంఘములలో పాలకవర్గమువారు పదిమందికి పైగానే యుందురు. ప్రతివారును వచ్చి గుమాస్తాకు ఆజ్ఞలిచ్చినచో ఎనిమిదిమంది మేస్త్రీల కర్మాగారమే నయమనిపించును.

దీనికి విరుగుడు బైలాలలోనే యున్నది, మనము చదువము. పాలకవర్గమున కధికారము సభలో కూర్చున్నప్పుడు మాత్రమే కలదు. తీర్మానమై, మినిట్సు పుస్తకములో చేరినదే పాలకవర్గపు మాట. సభ లేచిన పిమ్మట అందలి ప్రతివారును మనవలెనే యొక సభ్యుడు. వారికి బైలా ప్రత్యేకముగా నిచ్చిన పనియుండిన సరే; లేనిచో కార్యదర్శికి ఆజ్ఞలిచ్చుటకు వారికి హక్కులేదు. పైన చెప్పిన యూరియా విషయమునే చూడుడు. వానకు ముందే సభచేసి, ఎకరమునకు ఎన్ని బస్తాలు, చీటీలు ఏ దినమున ఇయ్యవలెను, బాకీదారులకు ఇయ్యవలెనా వలదా, సరకు చాలనప్పుడు అందఱికిని తగ్గించి పంచవలెనా లేక వరుస ప్రకారము అయినవఱకు ఇయ్యవలెనా అని తేల్చి వ్రాసి, ఆ తీర్మానపు నకలును గిడ్డంగి తలుపునకు అంటించినచో, లారీ వచ్చిన దినమున ఎవరి ఫోనుతోను పనియుండదు. కార్యదర్శి దానిని తప్పినచో అడుగుటకు మనకు ఆధారముండును. తప్పకున్నచో వానిని కాపాడుటకు వానికిని ఆధారముండును. ఉద్యోగికి కూడ రక్షణ కావలెనను మాట మన సభలలో ఎవరును ఎత్తరు. వ్రాతపూర్వకమైన తీర్మానము లేనిచోట నిజాయితీగల గుమాస్తా మొదట భయపడును, పిదప విసుగును, చివరకు వెడలిపోవును. మిగులునట్టివాడెట్టివాడో ఊహింపవచ్చును.

ఇంతవఱకు చెప్పినది ఆజ్ఞ యిచ్చువారికిని, చేయువారికిని నడుమ నుండవలసిన ఏర్పాటు. ఆజ్ఞ యిచ్చువారే చెడినచో నేమి గతి? రాబర్ట్ మిఖెల్స్ అను పండితుడు 1911లో దీనిని గూర్చి యొక కఠినమైన మాట చెప్పెను. జర్మనీలో కార్మికుల సమత్వము కొఱకే పుట్టిన రాజకీయపక్షమును దగ్గఱనుండి చూచి, అట్టి పక్షము కూడ కొంతకాలమునకు కొద్దిమంది నాయకుల సొత్తైపోవుటను గమనించి, ఏ సంఘమైనను పెద్దదైనకొలది కొద్దిమంది చేతులలోనికే పోవునని సిద్ధాంతము చేసెను. లెక్కలు తెలిసినది ఆ కొద్దిమందికే. తీఱిక యున్నదియు వారికే. బయటివారితో మాటలాడునదియు వారే. తక్కినవారు తమ తమ పనులలో మునిగి, నమ్మి యూరకుందురు. ఆ నమ్మకమే క్రమముగా వారి చేతినుండి పగ్గమును తీసివేయును.

ఈ సిద్ధాంతమును పూర్తిగ నంగీకరించుటకు మాకు మనసొప్పదు. అంగీకరించినచో ఈ పత్రికను నడుపుటయే వ్యర్థము. కాని దీనిని త్రోసివేయుటకును వీలులేదు. సర్వసభ్య సమావేశమునకు కోరము చాలక, పుస్తకమును ఇండ్లకు పంపి సంతకములు పెట్టించుకొని, సభ జరిగినట్లు వ్రాసికొను సంఘములను మేమెఱుగుదుము. పేర్లు చెప్పము. సంతకము పెట్టిన సభ్యుడు తాను అధ్యక్షునికి మేలు చేసితిననుకొనును. నిజమునకు ఆ సంవత్సరపు లెక్కలను, మొండిబాకీల జాబితాను, రాబోవు సంవత్సరపు వ్యయపు మేరను, చదువకయే యొప్పుకొన్నవాడగును. ఆ జాబితాలో పాలకవర్గపు బంధువుల పేర్లెన్ని యున్నవో అతనికి తెలియదు. సంఘము మునిగిన నాడు డిపాజిట్టు పోవునది అతనిదే.

మునుగుటయన్నది మన దేశపు సంఘములకు క్రొత్త గాదు. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట రిజర్వు బ్యాంకువారు 1951-52 సంవత్సరమునకు గ్రామ ఋణములను గూర్చి దేశమంతట విచారణ జరిపించి చూడగా, రైతులు చేసిన అప్పులలో సహకార సంఘముల వలన వచ్చినది నూటికి 3.1 వంతులు మాత్రమే. దీనికి మందుగా ప్రభుత్వము తానే వాటాదారుగ చేరెను. ఆ మందువలన ధనము వచ్చినది. దానితోపాటు ప్రత్యేకాధికారియు వచ్చెను. ఎన్నికైన పాలకవర్గమును తీసివేసి, సంవత్సరముల తరబడి అధికారులే నడపిన సంఘములెన్నియో కలవు. సభ్యునికి సంఘము మఱియొక సర్కారు కచేరీగ కనబడసాగెను. దీనికి విరుగుడుగా ఆంధ్రప్రదేశమున 1995లో పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము చేయబడి, ప్రభుత్వపు వాటాధనము లేకయే రైతులు తమ సంఘమును తామే నడుపుకొను త్రోవ యేర్పడినది. ఈ చరిత్ర పెద్దది. దీనిని మఱియొకమారు వ్రాయుదుము.

పరదేశపు మాటలు చాలించి మన రాయలసీమకు వత్తము. కర్నూలు జిల్లాలో కాలువ క్రింద సాగుచేయు గ్రామములను రాబర్ట్ వేడ్ అను పండితుడు తిరిగి పరిశీలించి, 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అను గ్రంథమును ప్రకటించెను. అందు ముఖ్యముగా వర్ణింపబడిన గ్రామమునకు ఆయన కొత్తపల్లె యను మాఱుపేరు పెట్టెను. అచ్చటి రైతులు, ఏ చట్టము క్రిందను రిజిష్టరు కానట్టియు, ఏ యధికారియు ఏర్పాటు చేయనట్టియు ఒక సభను తామై నడుపుకొనుచుండిరి. శాసనసిద్ధమైన గ్రామ పంచాయతీ వేఱు, ఇది వేఱు. ఈ సభ కొక నిధి కలదు. ఊరి పంటలను దొంగలనుండియు పశువులనుండియు కాపాడుటకు పొలముకావలివారిని, వరిమడులకు నీరు పెట్టుటకు ఊరుమ్మడి నీరుకట్టువారిని ఆ సభయే నియమించుచుండెను. పైనుండి నీరు రప్పించుకొనుటకు అధికారుల యొద్దకు పోయివచ్చుట మొదలగు ఊరి యుమ్మడి ఖర్చులకును ఆ నిధియే యాధారము. ఆ నిధికి రాబడి ప్రధానముగా దేనివలన వచ్చెననిన, కోతల పిమ్మట ఊరి పొలములలో మేయుటకు వచ్చు గొఱ్ఱెల మందలవలన. కావున ఉమ్మడి గొఱ్ఱె అచ్చట పుచ్చి చావలేదు. ఊరి యుమ్మడి పనికి అదియే మూలధనమైనది.

ఇందులో మన మాలోచింపదగినది నీరుకట్టువాని యుద్యోగము. కాలువలో నీరు తక్కువగ నున్నపుడు ప్రతి రైతును తన మడికి తానే నీరు పెట్టుకొనబోయినచో ఏమి జరుగునో మనకెఱుకయే. రాత్రివేళ గట్టు తెగును, తెల్లవాఱునప్పటికి తలలు పగులును. తూము దగ్గఱి మడి నిండి పొరలుచుండగా చివరి మడి నెఱ్ఱెలు విచ్చును. ఊరుమ్మడి నీరుకట్టువాడున్నపుడు రైతు గట్టుమీదికి పోనక్కఱలేదు. ఏ మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో చూచుట వాని పని. వాడు ఏ యొక్క రైతు జీతగాడును కాడు గనుక ఏ యొక్కరి మడిని తడుపుటయందు వానికి ఆసక్తి లేదు. ఊరందఱి సభకు జవాబుదారు గనుక ఎవరి మడిని ఎండబెట్టుటకును వానికి ధైర్యములేదు. ఫాయోల్ దొర పుస్తకమును చూడనక్కఱలేకయే ఆ రైతులు ఆయన సూత్రమును అమలులో పెట్టిరి. ఒక రైతు, తాను పెద్ద భూస్వామియే కానిమ్ము, నీరుకట్టువానిని దారిలో నిలిపి తన మడికి నీరు మళ్ళింపుమని ఆజ్ఞాపించుటకు వీలులేదు. చెప్పుకొనవలసినది సభలో చెప్పుకొనవలెను.

ఆ జిల్లాలోని కాలువ గ్రామములన్నిటను ఇట్టి సభలు లేవు. కాలువ మొదటనున్న గ్రామములలో ఇవి యరుదు. చివరకు పోయినకొలది ఎక్కువగ కనబడెను. మొదటి గ్రామములవారికి నీటికి కొదవ లేదు గనుక సభతో పనిలేకపోయెను. చివరి గ్రామములవారు కూడి పని చేయకున్నచో పంట దక్కదు, తమలో తమకు కలహమును తప్పదు, కావున కూడిరి. చదువుగాని, ప్రభుత్వపు ప్రోత్సాహముగాని, మంచిమాటలుగాని వారిని కూర్చలేదు. ఆ సభలో కూర్చున్నవారు చాలవఱకు పెద్ద రైతులే; కూలివాండ్రకందు పెద్ద మాట లేదు. దానిని మనము ఆదర్శముగా నెత్తి చూపనక్కఱలేదు. అయినను ఆ పెద్ద రైతుల భూములు ఒక్కచోట గాక ఊరిపొలమంతట ముక్కలుగా చెదరి యుండుటచేత, చివరి మడికిని నీరు చేరుట వారికే లాభమైనది. పాలించువాని లాభమును, పాలింపబడువాని లాభమును ఒకే కాలువ చివర నున్నపుడు పాలన చక్కగా సాగును. మన సంఘముల పాలకవర్గమువారిలో సంఘమునుండియే యెరువు కొని, సంఘమునకే ధాన్యము తూచి, సంఘములోనే డబ్బు దాచుకొనువారెందఱు? ఎన్నికల సమయమున కులమును, పక్షమును అడుగుటకు మాఱు ఈ మూడును అడిగి చూడవచ్చును.

అమెరికా దేశపు ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి, స్విట్జర్లాండు కొండలలోని పచ్చికబీళ్ళను, స్పెయినులోని వాలెన్షియా కాలువలను, జపాను గ్రామముల యుమ్మడి యడవులను, ఫిలిప్పీను దీవుల నీటి సంఘములను పరిశీలించి 1990లో నొక గ్రంథము వ్రాసెను. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఆ శాస్త్రములో దానిని పొందిన స్త్రీలలో ఆమెయే మొదటిది. ఉమ్మడి సొత్తు తప్పక చెడునని పెద్ద పండితులు చెప్పుచుండగా, అన్ని చోటులను చెడలేదనియు, నిలిచినచోటుల కొన్ని లక్షణములు కనబడుచున్నవనియు ఆమె చూపెను. వానిలో రెండింటిని మాత్రము ఇచ్చట చెప్పుదుము. కావలివాడు వాడుకొనువారికే జవాబుదారు కావలెను, లేదా వారిలోనివాడే కావలెను. దూరపు కచేరీకి జవాబు చెప్పువాడు పనికిరాడు. తప్పు చేసినవానికి శిక్ష చిన్నదిగ మొదలై, మఱల మఱల చేసినచో పెరుగవలెను. మన సంఘములలో శిక్ష యన్న మాటయే లేదు, లేకున్న సర్ఛార్జి విచారణయే. పావలా తప్పునకు పదిరూపాయల జరిమానా యున్నచోట ఎవరును ఎవరిమీదను ఫిర్యాదు చేయరు. చిన్నతప్పు ముదిరి పెద్దదగును.

ఇక గుజరాతు మాట. ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము, అనగా మనము అమూల్ అని పిలుచునది, 1946 డిసెంబరు 14వ తేదీన రిజిష్టరైనది. పాలను కొను పోల్సన్ కంపెనీ యొక్కటే బేరగాడైనందున, ధర యెంత యిచ్చినను తీసికొనవలసిన స్థితిలో రైతులుండిరి. వారు పాలు పోయుట మానివేసి, తరువాత సొంత సంఘము పెట్టుకొనిరి. త్రిభువన్‌దాస్ పటేలు వారి నాయకుడు. వర్గీస్ కురియన్ అను కేరళ దేశపు ఇంజనీరు 1949లో ఆనంద్ పట్టణమునకు ప్రభుత్వోద్యోగిగా వచ్చి, ఆ యుద్యోగమును విడిచి వీరి సంఘమునకు నిర్వాహకుడయ్యెను.

ఈ యిద్దఱి నడుమ పని పంపకము మనవారు శ్రద్ధగా గమనింపదగినది. ఊరూర తిరిగి సంఘములు పెట్టించుట, రైతుల నమ్మకమును నిలుపుకొనుట, రాజకీయ నాయకులతో మాటలాడుట త్రిభువన్‌దాసుగారి వంతు. యంత్రములు, పాలపొడి, అమ్మకము, ఉద్యోగుల నియామకము కురియనుగారి వంతు. గేదెపాలనుండి పొడి తీయుట సాధ్యము కాదని పాశ్చాత్య నిపుణులనుచుండగా, దలాయా అను నింజనీరు తోడ్పాటుతో వారు 1955లో ఆ కర్మాగారమును నిలిపిరి. అధ్యక్షుడు యంత్రశాలలోనికి పోయి మరలు త్రిప్పలేదు. నిర్వాహకుడు గ్రామసభలలో నిలిచి ఓట్లడుగలేదు. కురియను తన్ను తాను రైతుల జీతగాడననియే చెప్పుకొనుచుండెను. అయినను ఆ జీతగానికి తన పనియందు స్వాతంత్ర్యముండెను. మన సంఘములలో దీనికి తలక్రిందుగ జరుగుచున్నది. నిర్వాహకుడు ఓట్లు లెక్కించుచుండును, అధ్యక్షుడు బస్తాలు లెక్కించుచుండును.

మిఖెల్స్ మాట యిచ్చటను కొంత నిజమైనదని యెంచువారు కలరు. కురియనుగారు ఎన్నో యేండ్లు పెద్ద పదవులలో నుండి, 2006లో జిల్లా యూనియనులవారితో భేదము వచ్చి, రాష్ట్ర సమాఖ్య అధ్యక్షత్వమును వదలుకొనెను. అంత గొప్పవాడును ఎప్పుడు దిగవలెనో, ఎవరికి అప్పగింపవలెనో అను ప్రశ్నకు సుళువైన జవాబును పొందలేదు. అయినను సంఘము నిలిచినది. నిలుచుటకు కారణము వ్యక్తులకంటె క్రింది యేర్పాటునందే యున్నదని మా యభిప్రాయము. గ్రామసంఘములో ఉదయము, సాయంకాలము పాలు పోయు వరుసయొక్కటే. ముందు వచ్చినవారు ముందు. పాలు కొలుచుట రైతు కన్నుల యెదుటనే. వెన్నశాతము చూచుటకు నమూనా తీయుటయు అచ్చటనే. ఆ శాతమునుబట్టియే ధర. లెక్క రైతు చేతిలోని పుస్తకములో పడును. అధ్యక్షుడు మంచివాడా, నిర్వాహకుడు గొప్పవాడా అని రైతు విచారింపనక్కఱలేదు. దినమునకు రెండుసార్లు అతడే లెక్క చూచుకొనుచున్నాడు.

మన సంఘములలో దీనికి సరియైన చోటు ధాన్యము కొనుగోలు కేంద్రము. అచ్చటనే మన రైతు ఎక్కువ నష్టపడుచున్నాడు, ఎక్కువ తిట్టుచున్నాడు కూడ. తేమ నూటికి 17 వంతులకు మించరాదని నియమము. యంత్రమును చూచువాడే బస్తాను తూచి, ఆ తూచువాడే చీటీ వ్రాసి, తాలు తరుగు పేరిట బస్తాకింతయని కోయుటయు వాడే చేసినచో, వాడు దేవుడైనను రైతు నమ్మడు. రైసుమిల్లువాడు తిరిగి తరుగు కోసినపుడు ఆ నష్టము ఎవరి నెత్తిన పడవలెనో ముందుగా ఎవరును తేల్చియుండరు. లారీ పోయిన పిమ్మట సంఘము మిల్లువానిని చూపును, మిల్లువాడు సంఘమును చూపును.

కంప్యూటరులు వచ్చినవి గదా, అన్నియు సరిపడునని కొందఱు చెప్పుచున్నారు. 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులకెక్కించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022లో మంజూరు చేసినది. మంచిదే. కాని అందువలన రాజధానిలోని యధికారికి మన సంఘపు లెక్క కనబడును. గిడ్డంగి యెదుట నిలుచున్న సభ్యునికి కనబడునా? తూచిన వెంటనే కాగితము చేతికి వచ్చినచో కనబడును. రానిచో, వెనుకటి చేతివ్రాత పుస్తకమునకును దీనికిని భేదమేమియు లేదు. దస్తూరి మాత్రము బాగుండును.

రానున్న కొనుగోళ్ళకు ముందుగా జరుగు సభలో ప్రతి సంఘమును ఈ క్రింది యేర్పాటును చర్చింపవచ్చునని మేము తలచుచున్నాము. తేమ యంత్రమును చూచువాడొకడు, కాటా వేయువాడొకడు, చీటీ వ్రాయువాడొకడు, ముగ్గురును వేఱువేఱుగా నుండవలెను. యంత్రములోని అంకెను రైతుకు చూపి, పైకి చదివిన పిమ్మటనే వ్రాయవలెను. ఆ దినము కొన్న ధాన్యము, ఒక్కొక్క రైతు పేరిట తూకము, తేమ, కోసిన తరుగు, సాయంకాలము నల్లబల్లపై సుద్దతో వ్రాసి, మఱునాటి ఉదయము వఱకు తుడువరాదు. తరుగును గూర్చి తగవు వచ్చినచో ఆ దినమే విచారించుటకు ముగ్గురు సభ్యులుండవలెను. వారు పాలకవర్గములోనివారు గాక, ఆ కేంద్రమునకే ధాన్యము తెచ్చు రైతులై యుండుట మేలు. ప్రతి వారము ముగ్గురును మాఱవలెను. వారికి జీతమేమియు నక్కఱలేదు. తమ ధాన్యము కూడ ఆ కాటామీదికే వచ్చును గదా.